ఒకే డిస్కులో రెండు ఘోస్ట్ స్టోరీస్: ఏ ఆడియో పెట్టాలి, ఏది కొనకూడదు

ఘోస్ట్ స్టోరీస్ అనే జపాన్ యానిమే (కార్టూన్ సీరియల్) చూశామని ఇద్దరు తెలుగువాళ్ళు మాట్లాడుకుంటుంటే, ఒకరు జడుసుకున్న సీను దగ్గర ఇంకొకరు పడీపడీ నవ్వి ఉండొచ్చు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇక్కడ కేబుల్లో యానిమాక్స్ ఛానెల్ పెట్టుకుని చూసినవాళ్ళు విన్న ఇంగ్లీషు వేరు, అమెరికాలో డీవీడీ కొనుక్కున్నవాళ్ళు విన్న ఇంగ్లీషు వేరు. బొమ్మ మాత్రం ఒక్కటే.

అసలు పేరు గక్కో నో కైదాన్, అంటే బడి దెయ్యం కథలు. స్టూడియో పియెరో తీసింది, దర్శకుడు నోరియుకి అబే, సంగీతం కావోరు వాదా. 2000 అక్టోబరు నుంచి 2001 మార్చి దాకా ఫుజి టీవీలో వచ్చింది. సత్సుకి అనే అమ్మాయి, తమ్ముడు కేయిచిరో, పక్కింటి హజిమే, దెయ్యాల పిచ్చి ఉన్న లియో, పెద్ద తరగతి పిల్ల మొమొకో. ఊరు పెరిగి అడవి నరికేసరికి అక్కడ నిద్రపుచ్చి ఉంచిన దెయ్యాలన్నీ లేచాయి. చనిపోయిన అమ్మ రాసిపెట్టిన దెయ్యాల డైరీలో ఒక్కోదాన్ని మళ్ళీ ఎలా పడుకోబెట్టాలో ఉంటుంది. ఇంట్లో పిల్లి ఒంట్లో అమనోజాకు ఇరుక్కుపోయింది. మనం ఎడ్డెం అంటే తెడ్డెం అనే రకం పిశాచం అది.

జపాన్ పిల్లలకి ఈ దెయ్యాలన్నీ ముందే తెలుసు. మూడో అంతస్తు ఆడపిల్లల బాత్రూంలో మూడో తలుపు మూడుసార్లు కొడితే పలికే హనాకో, ఎర్ర కాగితం కావాలా నీలం కాగితం కావాలా అని అడిగే గొంతు, వీటిని వాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు. మన గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని కనిపిస్తే మనకి కథ చెప్పాల్సిన పని లేనట్టే. సముద్రం దాటితే ఆ చనువు ఉండదు. దెయ్యం కాగితం కావాలా అని ఎందుకు అడుగుతోందో అర్థంకాని ప్రేక్షకుడికి సీను సగం చచ్చిపోతుంది.

2005లో అమెరికాలో హ్యూస్టన్‌లోని ఏడీవీ ఫిల్మ్స్ అనే కంపెనీ ఇంగ్లీషు డబ్బింగు చేసినప్పుడు దర్శకుడు స్టీవెన్ ఫాస్టర్ దీన్ని పూర్తిగా కామెడీ చేసేశాడు. హక్కుదారులు పెట్టిన షరతులు మూడేనని ఆ డబ్బింగు చేసినవాళ్ళు చెప్తారు. పాత్రల పేర్లూ దెయ్యాల పేర్లూ మార్చకూడదు, దెయ్యాన్ని అణచే పద్ధతి మార్చకూడదు, భాగం సారాంశం చెడకూడదు. మిగతాదంతా వాళ్ళిష్టం. డబ్బింగులో నటులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి విడివిడిగా చెప్తారు కాబట్టి, ఆ సీనుకి ముందు ఎవరు స్టూడియోకి వస్తే వాళ్ళు వేసిన జోకే ఖాయం. తర్వాత వచ్చినవాళ్ళు దానికి తగ్గట్టు తమ మాట సర్దుకోవాలి. ఒక పాత్ర అర్థంపర్థం లేని మాట అన్నాక పక్కవాడి జవాబు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించడం మీరు గమనిస్తే, కారణం ఈ వరసే. ఇంగ్లీషు గొంతులు ఇవి: హిలరీ హాగ్ సత్సుకి, క్రిస్ ప్యాటన్ హజిమే, గ్రెగ్ అయర్స్ లియో, మోనికా రియాల్ మొమొకో, క్రిస్టీన్ ఆటెన్ కేయిచిరో, రాబ్ మంగిల్ అమనోజాకు. జపనీస్‌లో ఆ పిల్లి గొంతు ర్యూసే నకావోది. ఆయన దాన్ని నిజంగా పిశాచంలా పలికాడు, ఆ గరగర వినడానికైనా ఒకసారి ఆడియో మార్చండి.

ఇన్ని మాటలు మార్చినా పెదాలు ఎందుకు తప్పట్లేదు? తెలుగు డబ్బింగులో ప, బ, మ దగ్గర తెర మీద పెదవులు మూతపడాలి, లేదంటే వెంటనే దొరికిపోతాం. టీవీ యానిమేలో నోటికి సాధారణంగా మూడు బొమ్మలే ఉంటాయి: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. అక్షరంతో వాటికి సంబంధం లేదు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ కొలత కుదిరితే చాలు, ఆ మూడు సెకన్లలో ప్రార్థన చెప్పినా ఒకటే, తిట్టినా ఒకటే. ఇక పాత్ర వెనక్కి తిరిగి ఉన్నప్పుడు, దూరపు షాట్లో ఉన్నప్పుడు ఆ కొలత కూడా అక్కర్లేదు. జపనీస్‌లో నిశ్శబ్దంగా ఉన్న చోట ఇంగ్లీషులో ఎవరో గొణుగుతుంటే ఎక్కువగా ఇలాంటి షాట్లే అయి ఉంటాయి.

అట్ట మీద బడిపిల్లల బొమ్మ చూసి ఇది చిన్నపిల్లలకి ఇవ్వొద్దు. ఇంగ్లీషు ట్రాకులో బూతులున్నాయి. మతం మీద (మొమొకోని అతి భక్తురాలిగా, లియోని యూదుడిగా మార్చారు), జాతి మీద, వైకల్యం మీద జోకులున్నాయి. కేయిచిరో మాటతీరు మీద వేసినవి కొన్ని అప్పుడైనా ఇప్పుడైనా నవ్వాల్సినవి కావు. 2005 నాటి అమెరికా టీవీ, రాజకీయాల ప్రస్తావనలు ఈనాటివాళ్ళకి తగలవు కూడా. పిల్లలకైతే జపనీస్ ట్రాకు పెట్టండి, అదీ పదేళ్ళు దాటాకే. బాత్రూం దెయ్యాల భాగాల తర్వాత రాత్రి తోడు వెళ్ళాల్సింది మీరే.

మొదటి భాగాన్ని రెండుసార్లు చూడండి, మొత్తం గంట కూడా పట్టదు. ఒకసారి జపనీస్ ఆడియో, ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు. తర్వాత ఇంగ్లీషు ఆడియో పెట్టి సబ్‌టైటిళ్ళు అలాగే ఉంచేయండి. సబ్‌టైటిళ్ళు జపనీస్ సంభాషణకి చేసిన అనువాదం కాబట్టి, చెవికి జోకు వినబడుతుంటే కంటికి అసలు మాట కనబడుతుంది. అమ్మ గురించి సత్సుకి దిగులుపడే వాక్యం కింద నడుస్తుండగా పైన ఆ పిల్ల ఏం అంటోందో విన్నప్పుడు గానీ ఈ డబ్బింగు ఎంత తెగింపో తెలియదు. ఇంగ్లీషు ఒక్కటే వింటే నాలుగో భాగానికి అలసట వస్తుంది. జోకు దేని మీదో తెలియకుండా ఎంతసేపని నవ్వుతాం?

కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరు వాడితే బి నొక్కితే ఆడియో మారుతుంది, వి నొక్కితే సబ్‌టైటిల్ మారుతుంది. షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే మూడు సెకన్లు వెనక్కి వెళ్తుంది, ఒకే వాక్యాన్ని రెండు భాషల్లో పోల్చడానికి సరిగ్గా సరిపోతుంది. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. మెనూలో ఇంగ్లీషు ఎంచుకుంటే అమెరికా డిస్కులు సాధారణంగా సబ్‌టైటిళ్ళు ఆపేస్తాయి, లేదా బోర్డులూ పాటలూ మాత్రమే అనువదించిన ట్రాకు పెడతాయి. సబ్‌టైటిళ్ళు పనిచేయట్లేదని డిస్కుని తిట్టుకోకండి. బొమ్మ నడుస్తుండగా వి ఇంకోసారి నొక్కండి, పూర్తి ట్రాకు వస్తుంది.

రీజియన్ సంగతి. డీవీడీలు ప్రపంచంలో ఏ ప్రాంతం కోసం చేసినవో ఆ ప్రాంతం ప్లేయర్లలోనే ఆడేలా తాళం వేసి ఉంటాయి, ఆ ప్రాంతం నంబరే రీజియన్. ఏడీవీ తెచ్చిన అయిదు విడి డిస్కులూ, తర్వాత డిస్కోటెక్ మీడియా మళ్ళీ తెచ్చిన సెట్టూ అమెరికా కోసం చేసినవి, అంటే రీజియన్ 1. మన దేశం రీజియన్ 5. దుబాయ్, దోహాలో ఉన్నవాళ్ళది రీజియన్ 2. జపాన్‌దీ అదే నంబరే కానీ జపాన్ డిస్కు కొంటే ఈ ఇంగ్లీషు రాదు. అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకునేముందు మీ ప్లేయరు అన్ని రీజియన్లూ చదువుతుందో లేదో చూసుకోండి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ అయిదుసార్లే మార్చగలం, అయిదోసారి పెట్టిందే శాశ్వతం. అందుకే పాత యూఎస్‌బీ డ్రైవు ఒకటి రీజియన్ 1కి కేటాయించి పక్కన పెట్టుకోవడం మేలు. వీఎల్‌సీ రీజియన్ పట్టించుకోదని నమ్మి డిస్కు కొనొద్దు, కొన్ని డ్రైవులు లోపలి సాఫ్ట్‌వేర్ దగ్గరే ససేమిరా అంటాయి.

బొమ్మ పెట్టాక పరుగెత్తే సీన్లలో అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోతే డిస్కు పాడైనట్టు కాదు. సెకనుకి 24 ఫ్రేముల బొమ్మని ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీల పద్ధతి, సెకనుకి సుమారు 30 ఫ్రేములు) లెక్కకి సాగదీసేటప్పుడు ప్రతి అయిదు ఫ్రేముల్లో రెండు పక్క ఫ్రేముతో కలిసిపోతాయి, చీలిక అక్కడ కనబడుతుంది. వీఎల్‌సీలో డి నొక్కితే డీఇంటర్లేస్, అంటే ఆ చీలికని సరిచేసే పని, మొదలవుతుంది. మోడ్‌లో యాడిఫ్ పెడితే పళ్ళు పోతాయి కానీ కెమెరా పక్కకి జరిగే షాట్లు కుదుపుగా ఉంటాయి. ఫిల్మ్ ఎన్‌టీఎస్‌సీ అని ఉన్న మోడ్ పెడితే విడిపోయిన సగాలని తిరిగి జతచేసి 24 ఫ్రేములు ఇస్తుంది, కుదుపు తగ్గుతుంది. ఇంకో మాట, ఇది 4:3 బొమ్మ, అంటే పాత టీవీల కొలత. టీవీలో స్ట్రెచ్ ఆపకపోతే సత్సుకి మొహం దిబ్బరొట్టెలా తయారవుతుంది.

సెకండ్ హ్యాండు కొనేటప్పుడు పనికొచ్చే లెక్క ఇది. 20 భాగాలు, ఒక్కోటి సుమారు 24 నిమిషాలు, మొత్తం 8 గంటలు. ఏడీవీ డిస్కుకి నాలుగు భాగాల చొప్పున పెట్టింది. ‘అన్ని రీజియన్లకీ పనిచేస్తుంది, పూర్తి సిరీస్, రెండు డిస్కులు’ అని తక్కువ ధరకి ఎవరైనా అమ్ముతుంటే అనుమానించండి. ఒక పొర డిస్కు 4.7 జీబీ, రెండు కలిపి 9.4. దాన్ని 8 గంటలకి పంచితే ఆడియోతో కలిపి సెకనుకి 2.6 మెగాబిట్లు మాత్రమే వస్తుంది. మామూలు డీవీడీలో ఇది 5 పైనే ఉంటుంది. దెయ్యాల కథలో సగం సీన్లు చీకట్లోనే నడుస్తాయి, బిట్లు చాలకపోతే ముందు చెడేది ఆ చీకటే: నల్లటి గోడలు గళ్ళుగళ్ళుగా కదులుతుంటాయి. పైగా ఇలాంటి దొంగ కాపీల్లో ఇంగ్లీషు ట్రాకు అసలు లేకపోవచ్చు, ఉన్నా ఏ ఇంగ్లీషో చెప్పలేం.

ఇంకో సందేహం కూడా చాలామందికి వస్తుంది. నోరు చెవులదాకా చీలిన కుచిసాకె ఒన్నా మీద ఒక భాగం తయారుచేశారు కానీ ప్రసారం కాలేదు. అది లేదని అమ్మినవాడితో గొడవ పడొద్దు, 20 ఉంటే మీ సెట్టు పూర్తిగా ఉన్నట్టే.