స్లైడ్‌అవుట్ ట్రైలర్ మాకు సరిపోతుందా? మేడమీద ముగ్గుపిండితో తేల్చుకున్నాం

డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయికి ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొనాలని మనసయింది. మేమిద్దరం ఆరు నెలలు అక్కడ ఉండడానికి వెళ్తున్నాం కాబట్టి, మనవడితో సహా అయిదుగురం కలిసి ముందు బిగ్ బెండ్, తర్వాత ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులు చూడాలని వాడి కోరిక. వాడు పంపిన నమూనాల్లో చాలావాటికి స్లైడ్‌అవుట్లు ఉన్నాయి. డబ్బు పెట్టేది వాడే అయినా, అందులో వండేది, పడుకునేది, అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచేది మేం కూడా కదా. పైగా ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, కొలత తెలియకుండా దేనికీ సరే అనలేను. విమానం ఎక్కకముందే, విజయవాడలో ఉండగానే ఈ సంగతి తేల్చాలని పట్టుబట్టాను.

స్లైడ్‌అవుట్ అంటే ట్రైలర్ పక్కగోడలో ఒక ముక్క, దానిమీదున్న సోఫానో మంచమో భోజనాల బల్లో దేన్నయితే దాన్ని మోసుకుంటూ, బీరువా సొరుగులా బయటికి జరగడం. రోడ్డుమీద ఉన్నంతసేపూ లోపలే ఉంటుంది. మజిలీ చేరాక బటన్ నొక్కితే రెండు మూడు అడుగులు బయటికొస్తుంది. ట్రైలర్ వెడల్పు సాధారణంగా ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులు మించదు కాబట్టి, ఆ మూడడుగులతో లోపల ఇల్లు విశాలమైపోయినట్టు ఉంటుంది. నిజమే, చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ వాడు పంపిన ఫొటోలన్నీ తెరిచి తీసినవే. మూసినప్పుడు లోపల ఎలా ఉంటుందో ఒక్కదాంట్లోనూ లేదు.

అందుకే ఎండ దిగాక సత్యనారాయణపురంలో మా మేడమీద టేపు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస నేను పట్టుకుని ముగ్గుపిండితో ట్రైలర్ గీశాను. పాతికడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, రెండు స్లైడ్లు. మంచం బదులు మడతమంచం, సోఫా బదులు ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్రిజ్ బదులు అట్టపెట్టె. స్లైడ్లు తెరిచిన లెక్కన సర్దితే మధ్యలో మనవడు బంతాట ఆడుకునేంత చోటు మిగిలింది. తర్వాత కుర్చీల్నీ మంచాన్నీ గీత లోపలికి జరిపాను. నడవా అడుగు వెడల్పుకి వచ్చేసింది. అట్టపెట్టె మూత తెరుద్దామంటే కుర్చీ అడ్డం. మంచం వెళ్లి బాత్రూమ్ తలుపు ఉండాల్సిన చోటికి ఆనుకుంది. ఆయన అక్కడే నిలబడి, "మరి నా ఇన్సులిన్ ఎలా తీసుకోవాలి?" అన్నారు.

అసలు ప్రశ్న అదే. డల్లాస్ నుంచి బిగ్ బెండ్ ఎనిమిది గంటల పైచిలుకు ప్రయాణం. దారిలో రెండు మూడు సార్లయినా ఆగాలి, ఆగిన ప్రతిసారీ స్లైడ్ తెరిచే వీలుండదు. వీడియో కాల్‌లో మా కోడలు కూడా అదే చెప్పింది. "అత్తయ్యా, ఇక్కడ పార్కింగ్‌లో రాత్రికి ఆగనిచ్చినా స్లైడ్లు తెరవకూడదంటారు, పక్క బండి చోటు ఆక్రమించినట్టవుతుంది" అంది. అంటే మూసి ఉన్నప్పుడు కూడా ఫ్రిజ్, బాత్రూమ్, కనీసం ఒక మంచం మనిషికి అందాలి. ఆ మూడూ అందని ట్రైలర్ ఎంత విశాలంగా తెరుచుకున్నా మాకు పనికిరాదు.

రెండోసారి ఒక్క స్లైడ్ ఉన్నది గీశాను, ఇరవై ఒక్క అడుగులది. జరిగేది భోజనాల బల్ల ఒక్కటే. బల్లని లోపలికి జరిపినా నేను పక్కకు తిరిగి ఫ్రిజ్ దాకా వెళ్లగలిగాను, బాత్రూమ్ తలుపూ తెరుచుకుంది. ఒకటి మాత్రం అబ్బాయిని షోరూమ్‌కి వెళ్లి స్వయంగా చూడమన్నాను: కొన్నిటిలో స్లైడ్ నేల లోపలి నేలకంటే కొన్ని అంగుళాలు ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చీకట్లో ఆ మెట్టు ప్రమాదమే. నేల సమంగా ఉంటే సరే, లేదంటే ఆ నమూనా పక్కన పెట్టేయమన్నాను.

ఆటోనగర్‌లో మా మరిదికి బాడీ బిల్డింగ్ షెడ్డు ఉంది. బస్సులకీ లారీలకీ బాడీలు కట్టే మనిషి, ఇలాంటివి అడగాల్సింది ఆయన్నే. బొమ్మలు చూపిస్తే వెంటనే అన్నాడు, "వదినా, పెట్టెలో ఇంత గోడ కోసేస్తే చుట్టూ గట్టి చట్రం వేసి తీరాలి. వేస్తే బరువు పెరుగుతుంది, వేయకపోతే గతుకుల్లో బాడీ వదులైపోతుంది. పైగా కదిలే చోట రబ్బరు ఎప్పటికైనా అరుగుతుంది, నీళ్లు దిగేది అక్కడే." తయారీదార్ల సూచనలు చదివితే ఆయన మాటే కనిపించింది. రబ్బరు సీళ్లు తుడిచి కండిషనర్ రాస్తూ ఉండాలి. స్లైడ్ లోపలికి లాగేముందు దాని కప్పుమీద పడ్డ ఆకులూ పుల్లలూ ఊడవాలి, లేకపోతే సీలు చిరుగుతుంది. ట్రైలర్‌ని సమతలంగా నిలబెట్టాకే స్లైడ్ తెరవాలి. మోటారుకి బ్యాటరీ కావాలి, బ్యాటరీ చచ్చిపోతే చేత్తో తిప్పి లాగే మార్గం ఎక్కడుందో ముందే తెలిసుండాలి. ఈ చాకిరీ ఓపిగ్గా చేసేవాళ్లకే స్లైడ్‌అవుట్ అని నా అభిప్రాయం. మావాడు చేస్తాడు, చిన్నప్పటినుంచీ సైకిల్ చైనుకి నూనె తనే వేసుకునేవాడు.

బరువు లెక్క నేనే వేశాను. వాడి కారు లాగగలిగేది 5,000 పౌండ్లు. రెండు స్లైడ్లది ఖాళీగానే 5,600, ఇంక దాని మాటే లేదు. ఒక్క స్లైడ్‌ది ఖాళీగా 3,900. నీళ్లు గ్యాలనుకి 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే అవే 332. సామాన్లతో కలిపి 4,700 అనుకున్నాను. అక్కడితో అయిపోలేదు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం ద్వారా కారు మీదే పడుతుంది. 13 శాతం వేసుకుంటే 611 పౌండ్లు. అయిదుగురు మనుషులం కలిసి 680. మొత్తం 1,291. కారు ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు దగ్గరి చట్రం మీద అంటించి ఉంటుంది, వాడిది 1,400. అంటే కారులో ఇంకో వంద పౌండ్లకి మించి పెట్టకూడదు, కొక్కెం బిగించే సామాన్ల బరువు కూడా అందులోంచే పోవాలి. పెట్టెలన్నీ ట్రైలర్‌లోనే, ఇరుసుల మీదుగా సర్దాలి, నీళ్లు క్యాంపుకి చేరాకే పట్టుకోవాలి అని రాసిచ్చాను.

చోట్ల సంగతి వాడే చూశాడు. బిగ్ బెండ్‌లో కొండల మధ్య ఉన్న చిసోస్ బేసిన్‌కి ఎక్కే రోడ్డుకి మలుపులెక్కువ, ఇరవై అడుగులు దాటిన ట్రైలర్లు వద్దంటారు. కాబట్టి కింద రియో గ్రాండే విలేజ్ క్యాంపులో ట్రైలర్ నిలిపి, పైకి కారులో వెళ్తాం. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర గ్రిజ్లీ ఎలుగుబంట్ల వల్ల గుడ్డ గోడలున్నవి ఒప్పుకోరు. గట్టి గోడల స్లైడ్‌కి ఆ ఇబ్బంది లేదు, కాన్వాస్ మంచాలు బయటికి తెరుచుకునే రకం మాత్రం అక్కడికి పనికిరాదు. చోటు బుక్ చేసేటప్పుడు పొడవుతో పాటు స్లైడ్ తెరుచుకునే వైపు చెట్టు ఉందో లేదో కూడా చూడమన్నాను.

కొనడం ఇప్పుడే వద్దు, ఆ ఒక్క స్లైడ్ నమూనానే ముందు ఒక వారం అద్దెకి తీసుకో అని చెప్పాను, ఒప్పుకున్నాడు. మేం దిగాక మొదటి ప్రయాణం దాంట్లోనే. ఒక రాత్రి కావాలనే స్లైడ్ మూసి పడుకుంటాం, ఆయన లేచి ఇన్సులిన్ తీసుకుంటారు, నేను కాఫీ కలుపుతాను, అబ్బాయి చేత్తో తిప్పి ఒకసారి స్లైడ్ తెరిచి మూస్తాడు. ఇవన్నీ ఎవరికీ కష్టం లేకుండా జరిగితే అదే కొంటాడు. లేకపోతే స్లైడ్ లేని ఇరవై అడుగులది చూసి పెట్టే ఉంచాడు.