వాడిన నైలాన్ పొడితో నా అనుభవం

పొడిని పొరలుగా పరిచి లేజర్‌తో కరిగించి వస్తువులు చేసే లేజర్ సింటరింగ్ యంత్రంపై, నైలాన్ 12 అనే ప్లాస్టిక్ పొడితో భాగాలు చేయడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు, నున్నగా రావలసిన నిలువు గోడలపై నారింజ తొక్కను పోలిన గుంతలు కనిపించసాగాయి. లేజర్ శక్తి చాలడం లేదనుకుని పెంచాను; అంచులు ఉబ్బాయే తప్ప గుంతలు పోలేదు. పొడిని మరింత సన్నని జల్లెడలో పట్టి చూశాను. అదీ ఫలించలేదు.

దోషం పొడిలోనే ఉందని ఆ తర్వాత గాని నాకు తట్టలేదు. ఈ పద్ధతిలో లేజర్ తాకిన చోట మాత్రమే పొడి కరుగుతుంది, కానీ తక్కినదంతా సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంటే కరిగే ఉష్ణోగ్రతకు కాస్త దిగువన, గంటల తరబడి ఉడుకుతూనే ఉంటుంది; దాన్నే తర్వాతి పనికి మళ్లీ వాడతాను. ఆ వేడికి, కరగని రేణువుల లోపల కూడా, పాలిమర్ గొలుసుల (నైలాన్‌లోని పొడవాటి అణువుల) చివర్లలోని అమైన్, కార్బాక్సిల్ అనే పరమాణు సమూహాలు కలిసి, నీటి అణువును విడిచి, గొలుసులను మరింత పొడవు చేస్తాయి. పాలిమర్ పాడవడమంటే గొలుసులు తెగడమేనని అంతవరకు అనుకున్న నాకు, అవి పెరగడమే ఇక్కడ చేటు అని తెలిసి ఆశ్చర్యం కలిగింది. అణుభారం పెరిగిన నైలాన్ కరిగినా చిక్కగానే ఉండి, పక్క రేణువులతో సమంగా కలిసిపోదు. ఆ గుంతలకు మూలం అదే. చాంబర్‌లో నింపే నైట్రోజన్ పొడి ఆక్సీకరణం చెంది పసుపెక్కకుండా కాపాడుతుంది, కానీ ఆక్సిజన్‌తో పని లేని ఈ చర్యను ఆపలేదు. అందుకే తెల్లగా ఉన్న పొడి కూడా ముదిరిపోయి ఉండవచ్చు.

కంటితో తేలనిది కొలతతో తేలాలి. 235 డిగ్రీల వద్ద, నిర్ణీత బరువు కింద, కరిగిన నైలాన్ పది నిమిషాలలో సన్నని రంధ్రం గుండా ఎంత కారుతుందో చూసే మెల్ట్ ఫ్లో పరీక్షను ఎంచుకున్నాను. మొదటి రోజు ఒకే డబ్బాలోని పొడి మూడుసార్లు మూడు రకాల అంకెలు ఇచ్చింది. నమూనాలోని తేమ ఆ వేడిలో గొలుసులను తెంచి ద్రవాన్ని పలచన చేస్తోందని గ్రహించి, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాక అంకెలు నిలకడగా వచ్చాయి. నా పాత పొడి ప్రవాహం కొత్తదానిలో సగం కూడా లేదు.

పని ముగిశాక భాగాల చుట్టూ మిగిలే పొడి దిమ్మను ముక్కలుగా విడదీసి పరీక్షించినప్పుడు మరో సంగతి బయటపడింది. పొడి వేడిని సులభంగా వదలదు కాబట్టి దిమ్మ నడిమి భాగం అన్నిటికన్నా నెమ్మదిగా చల్లారి, అంచుల వద్దనున్న దానికన్నా ఎక్కువగా ముదురుతుంది. నేను మాత్రం రెంటినీ ఒకే పీపాలో పోస్తూ వచ్చాను.

ఇప్పుడు నడిమి పొడిని వేరుగా తీసి, వేడిలో గడిపిన గంటలను డబ్బాపై రాస్తున్నాను. కొత్త పొడిని కూడా ప్రతిసారీ సగానికి సగం అని కాక, మిశ్రమం ప్రవాహం నేను పెట్టుకున్న కనీస అంకెను చేరేంత వరకు కలుపుతున్నాను. గోడలు మళ్లీ నున్నగా వస్తున్నాయి. ఎత్తైన బిల్డ్‌ల (యంత్రం ఒక్కో విడతలో చేసే పనుల) నడిమి పొడిని మాత్రం, ఎంత కొత్తది కలిపినా, పైకి కనిపించే భాగాలకు వాడడం లేదు.