నడిమి పిల్లరు మీది నలభై

ఈ రోజు స్ట్రక్చరల్ అనాలిసిస్ క్లాసులో సార్ రెండు గదుల మీదుగా తెగకుండా సాగే బీమును బోర్డు మీద గీశారు. ఒక్కో స్పాను, అంటే రెండు ఆధారాల నడుమ దూరం, 4 మీటర్లు, మీటరుకు 20 కిలోన్యూటన్ల బరువు, కింద మూడు ఆధారాలు. తెలియని రియాక్షన్లు, అంటే ఆధారాలు బీమును పైకి మోసే బలాలు, మూడు, పనికొచ్చే సమతౌల్య సమీకరణాలు రెండే కనుక, బీము ఎలా వంగుతుందో కూడా లెక్కలోకి రావాలి. అమెరికన్ ఇంజనీరు హార్డీ క్రాస్ 1930లో ప్రచురించిన మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతి ఆ పనిని కూడికలు, తీసివేతలతోనే కానిస్తుంది. ఆధారాలన్నీ బిగిసి ఉన్నాయనుకుంటే ప్రతి స్పాను చివర 26.67 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్, అంటే బీమును వంచే ప్రభావం, వస్తుంది. బయటి చివరను వదిలేస్తే అందులో సగం, అంటే 13.33, నడిమి ఆధారానికి చేరి అక్కడ మొత్తం 40 అవుతుంది. రెండు పక్కలా సమానమే కాబట్టి లెక్క అక్కడితో తేలిపోయింది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ 40. రెండు గదులకూ విడివిడి బీములు వేసినా ప్రతి స్పాను నడుమ సరిగ్గా అంతే మూమెంట్ వస్తుంది. కలిపి వేసినందువల్ల స్పానులోని గరిష్ఠం 22.5కు దిగింది గానీ, ఆ 40 మాయమైపోలేదు, తలకిందులై పిల్లరు నెత్తికెక్కింది. పైగా నడిమి పిల్లరు మోసే బరువు 80 కిలోన్యూటన్ల నుండి 100కు పెరిగింది. కలిపి కట్టడం అంటే అందరికీ తగ్గడమే అనుకునేవారు ఈ పిల్లరును అడగాలి.

సాయంత్రం నల్లగొండలో మా వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర ఆగాను. సెంట్రింగు మీద బీముల సలాకలు కడుతున్నారు. స్పాను పొడవునా లావు సలాకలు అడుగున ఉన్నాయి. నడిమి పిల్లరు దగ్గర మాత్రం అదనపు సలాకలు పైభాగాన, రింగులకు బైండింగు తీగతో కట్టి, రెండు పక్కలా మీటరు దాటేదాకా సాగి ఉన్నాయి. మా లెక్కలోనూ పిల్లరు నుండి సరిగ్గా మీటరు దూరంలో మూమెంట్ సున్నా అవుతుంది.

"పైన ఎందుకు కాకా?" అని మేస్త్రీని అడిగాను.

"పిల్లర్ మీద పైకెల్లి పగులుతది బిడ్డా, సజ్జకు కూడ గంతే," అన్నాడు, తీగ మెలిపెడుతూనే.

కాంక్రీటు నొక్కుడును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోలేదు, అందుకే లాగుడు పడే వైపు సలాక కావాలి; స్పాను నడుమ అది అడుగున, పిల్లరు మీద పైన. రాయి కూడా అంతే. మా ఊరి దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో రాతి దూలాలను మోసే స్తంభాలు అంత దగ్గరగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతోంది.

రేపటికి సార్ ఇచ్చిన బీములో స్పానులు 4, 6 మీటర్లు. పొట్టిదానికి బిగువు ఎక్కువ కనుక, నడిమి ఆధారం దగ్గర రెండు పక్కల తేడాగా మిగిలి, సరిపెట్టవలసిన మూమెంట్‌లో 0.6 వంతు దానికే పోతుంది. ఈసారి పట్టిక వేయక తప్పదు.