తియ్యటి సిరప్, తగ్గిన షుగరు

షుగరు వచ్చి పదేళ్ళు దాటింది. కళ్ళు జాగ్రత్త, కాళ్ళు జాగ్రత్త అని అందరూ చెప్పారు గానీ, నరాలు దెబ్బతింటే పేగులు కూడా బద్ధకిస్తాయని ఎవరూ చెప్పలేదు. మొన్న ఎండాకాలం మోషన్ కావడమే గగనమైపోయింది. ఇలాంటిది మావారికి చెప్పడానికే నసిగాను, ఇక బయటివాళ్ళకేం చెప్పను!

మలక్‌పేటలో ఉండే ఆడపడుచుకి ఎలా తెలిసిందో, బేగంబజార్ నుంచి గుల్కంద్ పట్టుకొచ్చింది. "పడుకునే ముందు రెండు చెంచాలు తిను వదినా" అంది. గులాబీ రేకులకి సమానంగా పంచదార పోసి చేసే సరుకది. మావారికిచ్చేశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చూపించుకునే డాక్టరమ్మ ముందు నా మందులన్నీ చూశారు. ఐరన్ మాత్ర మలాన్ని గట్టిపరుస్తుందట, రక్తం బాగానే ఉందని దాన్ని ఆపేశారు. షుగరు ఎక్కువైతే మూత్రంలో నీరంతా పోయి మలం ఎండిపోతుందనీ చెప్పారు. మందు నా షుగరునేం చేస్తుందోనని నేను హడలిపోతుంటే, షుగరే ముందు నా పని పట్టింది!

లాక్టులోజ్ సిరప్ రాశారు. నోట్లో పోసుకుంటే అచ్చం పానకం. "ఇది రక్తంలోకి ఎక్కదమ్మా, పెద్దపేగు దాకా పోయి అక్కడ నీటిని పట్టి ఉంచుతుంది. వేరే చక్కెరలు కాస్త కలిసుంటాయి, ఈ మోతాదుకి ఫర్వాలేదు" అన్నారు. నాకు నమ్మకం కుదరక మీటరుతో చూసుకుంటూనే ఉన్నాను. తాగిన రోజుకీ తాగని రోజుకీ తేడా లేదు. గ్యాసు మాత్రం నలుగురిలో కూర్చోనివ్వలేదు.

అసలు భయపెట్టింది వేరే. మోతాదు పెంచాక ఒకరోజు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. తిండి సయించలేదు, పొద్దున వేసుకున్న షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ తన పని తాను చేసుకుపోయింది. చెమటలు, చేతుల వణుకు. మీటరులో 62. మావారు గబగబా పంచదార నీళ్ళు తాగించారు. సిరప్ షుగరు పెంచుతుందనుకుంటే ఇలా పడిపోయింది. విరేచనాలై తినలేని రోజున ఆ మాత్ర వేసుకునే ముందు ఫోన్ చేయమన్నారు డాక్టరమ్మ.

ఇప్పుడు ఇసబ్గోలు పొట్టు. మెడికల్ షాపులో మొదట చేతికొచ్చిన నారింజ రుచి డబ్బా వెనక్కి తిప్పితే అందులో పంచదార! ఏమీ కలపని తెల్ల పొట్టు తీసుకున్నాం. గ్లాసు నిండా నీళ్ళతో తాగాలి, లేకపోతే లోపలే ఉండకట్టి ఇంకా బిగిస్తుంది. మిగతా మాత్రలకి కాస్త ఎడం ఇస్తాను. అన్నం ముందు తాగితే తిన్నాక వచ్చే రీడింగు కొంచెం దిగుతోంది కూడా.