ఫీనిక్స్ నమూనా నిర్మాణం: లిలీ స్లోన్ కాక్‌పిట్ పూర్తయింది

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పరంపర స్టార్ ట్రెక్ కథల్లో కాంతిని మించిన వేగంతో ప్రయాణించిన తొలి మానవ నౌక ఫీనిక్స్. దాని సృష్టికర్తగా జెఫ్రమ్ కాక్రేన్ పేరే అందరికీ గుర్తుంటుంది. అయితే 1996లో వచ్చిన ‘స్టార్ ట్రెక్: ఫస్ట్ కాంటాక్ట్’ చిత్రంలో అతనితో కలిసి ఆ నౌకను నిర్మించిన లిలీ స్లోన్, నాలుగు మీటర్ల కాక్‌పిట్‌కు సరిపడా టైటేనియం పోగుచేయడానికే తనకు ఆరు నెలలు పట్టిందని చెబుతుంది. ఆ ఒక్క మాట కారణంగానే, 1:72 నిష్పత్తిలో నేను చేస్తున్న ఈ నమూనాలో అన్నిటికంటే ఎక్కువ సమయం కాక్‌పిట్‌కు కేటాయించాను.

కథ ప్రకారం ఫీనిక్స్‌ను అమెరికాకు చెందిన టైటన్ 2 అణు క్షిపణి నుంచి మలిచారు. అసలు క్షిపణి వ్యాసం సుమారు 3.05 మీటర్లు కాబట్టి నమూనాలో అది 42.4 మి.మీ. అవుతుంది, బయటి వ్యాసం 42 మి.మీ. ఉన్న పీవీసీ గొట్టం అందుకు చక్కగా సరిపోయింది. లిలీ చెప్పిన నాలుగు మీటర్లను వ్యాసంగా తీసుకుంటే కాక్‌పిట్ క్షిపణి కంటే లావవుతుంది కనుక, దానిని పొడవుగా లెక్కించి 55.5 మి.మీ. ఉంచాను.

బాల్సా అనే తేలికపాటి చెక్కను నౌక ముందు కొన ఆకారంలో అరగదీసి, దానిపై 0.25 మి.మీ. స్టైరీన్ ప్లాస్టిక్ రేకును చిన్న పలకలుగా కత్తిరించి అతికించాను. ఈ మందం అసలు నౌకలో 18 మి.మీ.కు సమానం, కొలత ప్రకారం ఎక్కువే అయినా, పలకల అంచులు కంటికి కనిపించాలంటే అంత ఉండాల్సిందే. దొరికిన చోటల్లా ఏరి తెచ్చిన లోహం ఒకే ఛాయలో ఉండదు కదా. అందుకే అల్యూమినియం రంగులో ఒక్కో పలకకు ఒక్కో పాళ్లలో బూడిద, గోధుమ రంగులు కలిపి పలుచగా రెండు పూతలు వేశాను. క్షిపణి భాగానికి మాత్రం అంతటా ఒకే అల్యూమినియం రంగు వేస్తాను. కర్మాగారంలో తయారైన ఆయుధం ఎక్కడ ముగిసిందో, లిలీ చేతిపని ఎక్కడ మొదలైందో ఆ తేడాలోనే తెలియాలి.

స్టైరీన్ జిగురు పీవీసీని సరిగా పట్టుకోదు. రెండూ కలిసే చోట గొట్టాన్ని 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ జిగురు వాడాను. కింది భాగానికి ఆ చిత్రానికి చెందిన క్షిపణి గొయ్యి దృశ్యాలు చిత్రీకరించిన అరిజోనాలోని టైటన్ క్షిపణి మ్యూజియం ఫొటోలే ఆధారం. టైటన్ 2 మొదటి దశకు రెండు నాజిళ్లు (మంట వెలువడే గొట్టాలు) ఉంటాయి. 1965, 66 సంవత్సరాల్లో అమెరికా జెమిని అంతరిక్ష కార్యక్రమ వ్యోమగాములను నింగికి చేర్చినది కూడా ఈ రకం రాకెట్టే కనుక, దానిపై మనుషులు ఎక్కడమన్న ఊహ నాకు ఎన్నడూ అతిగా తోచలేదు.

ఇక పక్కలకు తెరుచుకునే వార్ప్ నాసెళ్లు, అంటే కథలో నౌకకు కాంతిని మించిన వేగాన్నిచ్చే ఇంజిన్ భాగాలు, మిగిలాయి. వాటిలో వెలుగు కోసం రెండు ఎరుపు ఎల్ఈడీలను వరుసగా కలిపి, 9 వోల్టుల బ్యాటరీకి 470 ఓమ్‌ల నిరోధకంతో పరీక్షించగా సుమారు 10 మిల్లీఆంపియర్ల వద్ద సమానంగా వెలిగాయి. తెరిచి మూసినప్పుడు తీగ తెగకుండా దానిని కీలు చుట్టూ వదులుగా చుట్టి, ఆ తరువాతే గొట్టానికి ప్రైమర్ వేస్తాను.