రాట్‌వైలర్‌తో అద్దె ఇల్లు: సంతకానికి ముందే తేల్చుకోవాల్సినవి

"పెట్స్ ఓకే సార్" అని బ్రోకర్ ఫోన్‌లో అన్నాడంటే అతను ఊహించుకున్నది షిట్జూ లాంటి బుల్లి కుక్కని. హైదరాబాద్‌లో రాట్‌వైలర్ లాంటి పెద్ద కుక్కతో ఫ్లాట్ వెతికేవాళ్లు మొదటి ఫోన్‌లోనే జాతి, వయసు, బరువు చెప్పేయాలి. చాలా ఇళ్లు అక్కడే జారిపోతాయి, పోనివ్వండి. దాచిపెట్టి దిగితే సామాను దించే రోజే వాచ్‌మన్ కబురు మోస్తాడు. అడ్వాన్సు తిరిగొచ్చినా బ్రోకర్ కమీషన్, ప్యాకర్స్ డబ్బు నీళ్లపాలే.

వద్దంటున్నది ఓనరా, అపార్ట్‌మెంట్ అసోసియేషనా? ముందు ఇది తేలాలి. జాతి, సైజు చూపించి కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్‌కు లేదని, మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదని, లిఫ్టు ఎక్కొద్దనడం కూడా కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పెంపుడు జంతువుల్ని నిషేధించే బైలాస్ (అసోసియేషన్ రాసుకున్న నియమాలు) చెల్లవని 2021లో కేరళ హైకోర్టు కూడా చెప్పింది. ఓనర్ సంగతి వేరు. ఇల్లు ఆయనది, ఇవ్వనంటే ఏ సర్క్యులరూ ఇప్పించలేదు. బ్రోకర్లు రెంటినీ కలిపేసి "సొసైటీ రూల్ సార్" అనేస్తారు. ఆ రూల్ కాపీ అడగండి. ఒక్కోసారి అది వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజే అయ్యుంటుంది.

ఇంకో గొడవ 23 జాతుల లిస్టు. ప్రమాదకరమంటూ ఆ జాతుల పెంపకానికి లైసెన్స్ ఇవ్వొద్దని 2024 మార్చి 12న కేంద్రం రాష్ట్రాలకు పంపిన లేఖను ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. అయినా లిస్టు మాత్రం ఫార్వర్డ్ అవుతూనే ఉంది. అందులో రాట్‌వైలర్ ఉంది గానీ జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, లాబ్రడార్ లేవు. ఈ కాగితాలన్నీ అసోసియేషన్ కోసం దాచుకోండి, ఓనర్ ముందు తీయొద్దు. కోర్టు తీర్పు చూడగానే ఆయనకు మీలో కనిపించేది రేపు ఖాళీ చేయనని మొండికేసే కిరాయిదారు.

ఓనర్ భయం తలుపుల మీద గీతలు, వాసన, పక్కింటివాళ్ల ఫోన్లు. ఏడాది దాటని రేబిస్ టీకా కార్డు, మున్సిపల్ లైసెన్స్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటే ఆ సర్టిఫికెట్, పాత ఓనర్ ఫోన్ నంబరు ఒక ఫైల్‌లో పెట్టి చూపించండి. కుక్కను వెంటబెట్టుకుని వెళ్లేటట్టయితే ముందు గంటసేపు నడిపించి తీసుకెళ్లండి. అలిసిన కుక్క గడప దగ్గర పడుకుంటుంది. బేరం వస్తే ఒక నెల అడ్వాన్సు ఎక్కువ ఇస్తామనండి, నెల అద్దె పెంచడానికి ఒప్పుకోకండి. అడ్వాన్సు తిరిగొస్తుంది, అద్దె రాదు.

అగ్రిమెంట్‌లో "పెట్స్‌కు అనుమతి ఉంది" అన్న ముక్క చాలదు. ఫిర్యాదు రాగానే "చిన్న కుక్క అనుకున్నా" అంటారు. ఇలా రాయించండి: "కిరాయిదారు తన రాట్‌వైలర్ కుక్కను (పేరు, మైక్రోచిప్ నంబరు) ఈ ఫ్లాట్‌లో ఉంచుకోవడానికి ఓనర్ సమ్మతించారు. కుక్క వల్ల జరిగిన నష్టాన్ని మాత్రమే, బిల్లు చూపి, అడ్వాన్సులో మినహాయించాలి." (మైక్రోచిప్ అంటే కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్.) రెడీమేడ్ ఫార్మాట్లలో కింద ఎక్కడో "పెంపుడు జంతువులు నిషేధం" అన్న లైను అలాగే ఉండిపోతుంది. దాన్ని కొట్టేసి ఇద్దరూ పక్కన సంతకం పెట్టాలి. దిగకముందే వీడియో తీసి ఓనర్‌కు పంపండి. తలుపుల కింది రెండడుగులు, దోమల మెష్, చెక్క ఫ్లోరింగ్ దగ్గర కెమెరా కాసేపు ఆగాలి, పేచీ వచ్చేది అక్కడే.

దిగాక ఇల్లు పోగొట్టేవి మాత్రం అరుపులు, బాల్కనీ. బాల్కనీలో మూత్రం పోయించి నీళ్లతో కడిగితే అది గొట్టంలోంచి కిందింటివాళ్ల ఆరేసిన బట్టల మీద పడుతుంది. రోజూ కిందికి తీసుకెళ్లాల్సిందే. కొత్త ఇంట్లో కుక్కను మొదటి రోజే ఎనిమిది గంటలు ఒంటరిగా వదిలితే అరిచి అరిచి ఫ్లోరంతా లేపుతుంది. వారం సెలవు పెట్టి అయిదు నిమిషాలు, పావుగంట, అరగంట అంటూ పెంచుకుంటూ పోండి. ఎంతసేపటికి అరవడం మొదలుపెడుతుందో పాత ఫోన్‌లో రికార్డు చేస్తే తెలుస్తుంది. అంతకు కాస్త ముందే తిరిగిరావాలి.