గంట కొట్టని గడియారం

2023 జూలైలో ఒక రాత్రి రెండింటికి గుండె గొంతులోకి వచ్చినట్టయి లేచి కూర్చున్నాను. అరచేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందడం లేదు. చచ్చిపోతున్నానని మా ఆయన్ని లేపి చెప్పాను. ఆ వేళప్పుడు కాకినాడలో తెరిచి ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాం. ఈసీజీ బాగుంది. పొద్దున్న తీసిన ఎకో బాగుంది, రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ బాగున్నాయి. "మీకేం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకండి" అని పంపేశారు. ఆ నెలలోనే మరో ఆరుసార్లు వచ్చింది. ఏమీ లేదన్న మాట మనిషిని ఎంత ఒంటరిని చేస్తుందో పడ్డవాళ్లకే తెలుసు.

ఐదోసారి ఆసుపత్రికి వెళ్లకుండా 14416కి ఫోన్ చేశాను. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు అది. అవతల తెలుగులో మాట్లాడినావిడ నన్ను తొందరపెట్టలేదు. నిమిషాల్లో పైకెక్కి దానంతటదే దిగిపోతుందని, దిగేదాకా లైనులోనే ఉంటానని చెప్పి, ఉంది. సైకియాట్రిస్టుని కలవమంది. పానిక్ డిజార్డర్ అని ఆయన నా జబ్బుకి పేరు చెప్పిన రోజు ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. మందు పట్టడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారు. నాకు నాలుగో వారంలో తేడా తెలిసింది. దాంతోపాటు వారానికోసారి సైకాలజిస్టు మేడమ్ దగ్గర 50 నిమిషాలు, ఇంట్లో రోజూ 20 నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరిని గమనించడం.

ఆ 20 నిమిషాల దగ్గరే చిక్కొచ్చింది. ఫోన్లో టైమర్ పెట్టుకుంటే, ఎంత మెత్తటి పాట పెట్టినా, అది మోగగానే గుండె ఝల్లుమనేది. కుదురుకున్నదంతా ఒక్క క్షణంలో పోయేది. పెట్టుకోకపోతే ఎంతసేపైందోనని మనసు అటే లాగేది. గోడ గడియారం టిక్కుటిక్కుకి ఊపిరి దానితో పందెం వేసుకునేది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఉలికిపాటు లేకుండా సమయం చెప్పే టైమర్ నేను చెయ్యగలిగిన పనే అనిపించింది. నెలల తర్వాత చెయ్యగలను అనిపించిన మొదటి పని కూడా అదే.

మొదట వైబ్రేషన్ మోటారు పెట్టాను, ఫోన్లలో ఉండే బిళ్లలాంటిది. బల్లమీద పెడితే బర్రుమంది, గుడ్డలో చుడితే కాస్త తగ్గింది. కానీ ఆ మోటారు నెమ్మదిగా మొదలవ్వలేదు. కొంత వోల్టేజీ దాకా కదలదు, దాటగానే ఒక్కసారి తిరుగుతుంది. ఆ ఒక్కసారికే ఉలిక్కిపడ్డాను. అప్పుడు వంటింట్లో ఒక సంగతి పట్టుకున్నాను. కుక్కర్ కూత అంత పెద్దదైనా నన్ను భయపెట్టదు, ముందు సుయ్‌మని చెప్పి వస్తుంది. వీధి తలుపు కాలింగ్ బెల్ దానికంటే చిన్నదే, దానికి మాత్రం చేతిలో గరిటె పడిపోతుంది. మేడమ్‌తో అంటే, ఉలికిపాటుకి శబ్దం ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, ఎంత హఠాత్తుగా లేచిందన్నదీ ముఖ్యమేనన్నారు. నా డిజైన్ అంతా ఆ మాటమీదే నిలబడింది.

కాబట్టి వెలుగు, అదీ నెమ్మదిగా. కళ్లు మూసుకున్నా రెప్పల్లోంచి ఎర్రటి వెలుగు లోపలికొస్తుంది, ఎండకేసి మొహం పెడితే తెలుస్తుంది. అందుకే కాషాయరంగు ఎల్‌ఈడీ తీసుకున్నాను. నీలం రెప్పల్లోంచి అంతగా రాదు. ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో వెలిగిస్తే చీకట్లో మొదటి మెట్టే ఎగిరి పడినట్టుండేది. అందులో వెలుగుకి సున్నా నుంచి 255 వరకు మెట్లున్నా, కంటికి సున్నాకీ ఒకటికీ మధ్య దూరమే ఎక్కువ. వెలుగు తక్కువున్నచోట మెట్లు సన్నగా ఉండాలి. ఈఎస్‌పీ32 చిప్‌కి మారి, వేల మెట్లు చేసి, మొదట్లో అతి నెమ్మదిగా, పోనుపోను త్వరగా పెరిగేలా రాసుకున్నాను. రెండు నిమిషాలపాటు తెల్లవారినట్టు వస్తుంది. అది మొదలైన క్షణం ఇప్పటికీ నేను పట్టుకోలేను.

బటన్ కూడా టక్కుమంటుంది. ఆ చిప్‌కి తాకితే తెలిసే పిన్నులున్నాయి, కింద రాగిరేకు అంటించాను. అరచెయ్యి ఆనిస్తే చాలు. పెట్టె మా అమ్మ కొయ్య కుంకుమ భరిణె, మూత స్థానంలో ట్రేసింగ్ పేపర్. ఎంత సమయం మిగిలిందో చూపించే గీతలు మొదట పెట్టి తీసేశాను, ఉంటే వాటినే చూస్తున్నాను. పవర్ బ్యాంకుతో నడిపితే, ఇంత తక్కువ కరెంటు ఎవరూ వాడటం లేదనుకుని అది మధ్యలో ఆపేసేది. లిథియం సెల్ పెట్టాక ఆ బాధ పోయింది.

సమయం 20 నుంచి 24 నిమిషాలకి మార్చాను. మన గడియ అంతే కదా. అడుగున చిల్లున్న రాగిగిన్నెని నీళ్లమీద వదిలితే, నిండి మునిగేసరికి ఒక గడియ. గిన్నె చప్పుడు లేకుండానే మునిగేది, గంట కొట్టింది ఊరివాళ్ల కోసం. మన భాషలో మోగే వస్తువుకీ, అరవై నిమిషాలకీ ఒకటే మాట. నాకు చప్పుడు లేని ఆ గిన్నె చాలు.

మేడమ్ గదిలో గడియారం నా భుజం వెనక ఉండేది. ఆవిడ చూపు అటు వెళ్లగానే నాకు మాట ఆగిపోయేది. చెప్పడానికి మూడు నెలలు పట్టింది. చెప్పాక ఇద్దరికీ కనిపించేలా నా భరిణె మధ్యలో పెట్టాం. అక్కడ వెలుగు పెరగకూడదని మొదటిరోజే తెలిసింది, పెరిగితే లేచి వెళ్లమన్నట్టుంది. అందుకని మొదట్నుంచీ వెలిగి ఉండి, చివరి ఐదు నిమిషాల్లో తగ్గేలా మార్చాను.

అక్కడే మేడమ్ ఒక మాట అడిగారు: "ఇది లేకుండా కూర్చోగలరా?" లేను. బస్సులో కూడా సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను. భయం నుంచి కాపాడుతుందనుకునే వస్తువే భయాన్ని బతికించి ఉంచుతుందని ఆవిడ ఓపికగా వివరించారు. నాకు కోపం వచ్చింది. అయినా ఆ భయానికి అలవాటుపడే సాధనకి ఒప్పుకున్నాను. రోజుకొకసారి, ఎప్పుడో చెప్పకుండా, మా అమ్మాయి ఫోన్ అలారం మోగించేది. మొదటిరోజు ఏడ్చాను. "అమ్మా, ఆపేయనా?" అంటే వద్దన్నాను. మూడు వారాలకి ఉలిక్కిపడినా, తిరిగి ఊపిరి దగ్గరికి రాగలిగాను. 2024 చివర్లో డాక్టరుగారు మందు కొద్దికొద్దిగా తగ్గించడం మొదలుపెట్టారు, ఇంకా పూర్తిగా ఆపలేదు.

భరిణె ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది, సంచిలోకి రాదు. మేడమ్ గది కోసం ఇంకోటి చేసిచ్చాను. ఈమధ్య ఆవిడ మూడోది అడిగారు, తన దగ్గరికొచ్చే పిల్లల కోసం, కింద పడేసినా పాడవకుండా. కొయ్య కాబట్టి పెట్టెకి ఢోకా లేదు. లోపల సెల్ కదలకుండా బిగించాలి, ఈ ఆదివారం ఆ పనిమీద కూర్చుంటాను.